విప్పి చూసి నేర్చిన నాయుడు గారు

హోటలు సర్వరు నుంచి బస్సుల అధిపతి దాకా... కోయంబత్తూరు తెలుగు మేస్త్రీ జీవితం

మంత్రాలయం: గురువారం వచ్చిందంటే మంత్రాలయం దారులన్నీ వాహనాలతో కిటకిటలాడతాయి. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, హైదరాబాదు వైపు నుంచి రాయరు దర్శనానికి వచ్చే కార్లలో అక్కడక్కడ ఒక పాత అంబాసిడరో, ఫియట్టో నేటికీ కనిపిస్తుంది. ఎమ్మిగనూరు దాటాకనో, ఆదోని రోడ్డు ఎక్కాకనో అది మొరాయిస్తే బానెట్టు ఎత్తి, చెవి పెట్టి విని, జబ్బు ఎక్కడుందో చెప్పగల మేస్త్రీ కావాలి. కంప్యూటరు తగిలించి తప్పు కనుక్కొనే వీలు ఆ బండికి లేదు. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయింది. ఫియట్టు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగిపోయింది. అసలు సామాను దొరకని చోట ఉన్నదానితోనే సరిపెట్టి బండిని నడిపించే చేతి విద్య ఒక్కటే ఈ పాత కార్లకు ప్రాణం.

ఈ చేతి విద్యనే పెట్టుబడిగా పెట్టుకొని దేశం మెచ్చిన పారిశ్రామికవేత్తగా ఎదిగిన ఒక తెలుగు ఇంటి బిడ్డ జీవితం మన ప్రాంత యువకులు తెలుసుకోదగినది. ఆయనే కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. భారతదేశపు ఎడిసన్ అని ఆయనకు పేరు వచ్చింది. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. అర్ధ శతాబ్దం గడిచిపోయినా ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇంకా తీరలేదు. చేతితో నేర్చిన చదువుకు మన దేశంలో విలువ ఎంత అన్నదే ఆ ప్రశ్న.

మన బావుల్లో ఆ ఊరి మోటార్లు

కోయంబత్తూరు మనకు దూరమే అయినా పరాయి ఊరు కాదు. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. కోయంబత్తూరు నూలు మిల్లులకు పెట్టింది పేరు. రెండు ఊళ్లకూ అన్నం పెట్టింది పత్తే. పైగా కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో బావి గట్టు మీద, బోరు పక్కన ఉన్న పంపుసెట్ల మీద పేరు పలక చూస్తే కోయంబత్తూరు అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ ఊరు మోటార్లకు ఇంత ప్రసిద్ధి కావడానికి పునాది వేసినవారిలో నాయుడు గారు ముఖ్యులు.

విజయనగర రాజుల కాలంలోనూ ఆ తరువాతా తెలుగు నేల నుంచి ఎన్నో రైతు కుటుంబాలు దక్షిణాదికి తరలిపోయి కొంగునాడులో స్థిరపడ్డాయి. వారి సంతతి ఈనాటికీ అక్కడ ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటారు. అలాంటి ఒక రైతు ఇంట్లో, కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న దొరస్వామి జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారు. తల్లి ఆయన పసితనంలోనే మరణించింది.

పిల్లవాడికి బడి పడలేదు. పలక ముందు కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. పంతుళ్లతో పోట్లాటలే తప్ప పాఠాలు సాగలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువుకు స్వస్తి చెప్పి తండ్రి పొలంలో పనికి దిగాడు. ఊళ్లో పెద్దలు ఆ కుర్రవాడి మీద ఆశ వదులుకున్నా ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే చదువు మీద విముఖత వేరు, నేర్చుకోవడం మీద విముఖత వేరు. కనిపించిన ప్రతి వస్తువూ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న తపన ఆ పిల్లవాడిలో మెండుగా ఉండేది.

జీవితాన్ని మలుపు తిప్పిన మోటారు సైకిలు

ఆ రోజుల్లో పల్లెల్లో ఎడ్లబండి, గుర్రబ్బండి తప్ప వేరే వాహనం అరుదు. అలాంటి కాలంలో ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వెళుతుండగా దొరస్వామి చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే మనిషి లేడు. అయినా బండి పరుగెత్తుతోంది. ఆ వింత అతణ్ణి నిద్రపోనివ్వలేదు. ఎలాగైనా ఆ బండిని సంపాదించాలని పట్టుబట్టి ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. టిఫిన్లు అందిస్తూ, బల్లలు తుడుస్తూ పైసా పైసా కూడబెట్టాడు. చివరికి ఆ మోటారు సైకిలునే కొన్నాడు.

అది ఇంగ్లండులోని కోవెంట్రీ పట్నంలో తయారైన రడ్జ్ బండి. 1912 నాటి రకం. మరొకరైతే దానిమీద ఊరంతా తిరిగి మురిసిపోయేవారు. దొరస్వామి దాన్ని ఇంటికి తెచ్చి మర తరువాత మర ఊడదీశాడు. ఏ ముక్క దేనికి ఆనుకొని ఉందో, ఏది కదిలితే ఏది తిరుగుతుందో చూశాడు. తరువాత అన్నిటినీ మళ్లీ యథాస్థానంలో బిగించాడు. గురువు లేడు. పుస్తకం చదివే ఇంగ్లీషు లేదు. ఆ బండే గురువు, ఆ బండే పుస్తకం అయ్యాయి.

ఆ కాలపు రడ్జ్ బండిని విప్పితే ఏమి నేర్చుకోవచ్చో కాస్త వివరంగా చెప్పుకోవాలి. అది ఒకే సిలిండరు ఇంజను. కార్బురేటరులో పెట్రోలు గాలితో కలుస్తుంది. పిస్టను కిందికి దిగుతూ ఆ మిశ్రమాన్ని లోపలికి పీల్చుకుంటుంది, పైకి లేస్తూ అదిమిపెడుతుంది. ఆ వేళకు సరిగ్గా మాగ్నెటో నుంచి ప్లగ్గుకు నిప్పురవ్వ అందుతుంది. మిశ్రమం మండి పిస్టనును బలంగా కిందికి నెడుతుంది. మళ్లీ పైకి వచ్చేటప్పుడు పొగ బయటికి పోతుంది. ఆ బలం బెల్టు ద్వారా వెనుక చక్రానికి చేరుతుంది. ఇంత పెద్ద వింత వెనుక ఉన్నవి ఈ నాలుగు అడుగులే.

దీన్ని గ్రహించిన మనిషికి మోటారు కారు, బస్సు, లారీ ఏదైనా కొత్త కాదు. సిలిండర్ల లెక్క పెరుగుతుంది, అంతే. ఇంజను పలకాలంటే గాలితో సరిగా కలిసిన పెట్రోలు ఉండాలి, వేళకు నిప్పురవ్వ పడాలి, సిలిండరులో ఒత్తిడి నిలవాలి. బండి ఆగిపోతే ఈ మూడింటిలో ఏది తప్పిందో వరుసగా చూసుకుంటూ పోవాలి. పాత బండ్ల మేస్త్రీలు ఎవరైనా ఈనాటికీ చేసే పని ఇదే. దొరస్వామి ఒక మోటారు సైకిలును విప్పి, బిగించి ఈ సూత్రాన్ని వంటబట్టించుకున్నాడు. తరువాత మోటారు మెకానిక్కుగా బతుకు ప్రారంభించాడు.

పత్తి ఇచ్చింది, పత్తే తీసుకుంది

కొంత డబ్బు చేరాక ఆయన దృష్టి పత్తి వైపు మళ్లింది. తిరుప్పూరులో జిన్నింగు వ్యాపారం మొదలుపెట్టారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. పత్తికి గిరాకీ పెరిగి లాభాలు వచ్చిపడ్డాయి. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్లి పత్తి బేరాల్లో దిగారు. అక్కడి వ్యాపారుల ఎత్తుల ముందు ఈయన లెక్కలు నిలవలేదు. సంపాదించినదంతా పోగొట్టుకొని ఖాళీ చేతులతో కోయంబత్తూరుకు తిరిగివచ్చారు.

పత్తి ధర ఒక్క వారంలో మనిషిని ఎలా లేపుతుందో, ఎలా పడదోస్తుందో ఆదోని ప్రాంత రైతుకు, వ్యాపారికి వేరే చెప్పనక్కరలేదు. నాయుడు గారు ఆ దెబ్బతో కుంగిపోలేదు. డబ్బు పోయింది గానీ విద్య పోలేదు. కోయంబత్తూరులో వాహనాల వ్యాపారం సాగిస్తున్న ఇంగ్లీషు పారిశ్రామికుడు రాబర్ట్ స్టేన్స్ దగ్గర పనికి కుదిరారు. ఈయన పనితనం చూసిన స్టేన్స్ దొర సొంతంగా బస్సు నడుపుకొమ్మని ప్రోత్సహించి అప్పు సాయం కూడా చేశారు.

పొల్లాచ్చి నుంచి పళని దాకా

1920లో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య దాన్ని నడిపారు. డ్రైవరు తానే, మెకానిక్కు తానే. పళని సుబ్రహ్మణ్యస్వామి కొలువైన పుణ్యక్షేత్రం. మనకు మంత్రాలయం దారి ఎలాంటిదో ఆ ప్రాంతానికి పళని దారి అలాంటిది. భక్తుల రాకపోకలకు లోటు లేదు. కావలసిందల్లా వేళకు బయలుదేరి వేళకు చేరే బస్సు. ఆ ఒక్క బస్సుతో మొదలైన యూనివర్సల్ మోటార్ సర్వీసు కొద్ది ఏళ్లలోనే ఎన్నో బస్సుల సంస్థగా పెరిగింది. యు.ఎం.ఎస్. అన్న మూడు అక్షరాలు కొంగునాడు అంతటా మారుమోగాయి. సమయపాలనకు, శుభ్రతకు ఆ బస్సులు పేరు పొందాయి.

ఒక మెకానిక్కు బస్సుల యజమాని అయితే వచ్చే తేడా ఇక్కడ కనిపిస్తుంది. బస్సు దారిలో ఆగిపోయాక మేస్త్రీని వెతుక్కోవడం కన్నా, ఆగకుండా ముందే చూసుకోవడం ఆయన పద్ధతి. సొంత వర్కుషాపు పెట్టారు. పనివాళ్లను తానే తయారుచేసుకున్నారు. బయట దొరకని పరికరాన్ని అక్కడే చేయించారు. టికెట్లు ఇచ్చే యంత్రం వంటివి ఆ అవసరాల్లోంచే పుట్టాయి. ఆయనకు పరిశోధన అంటే వేరే గది, వేరే దుస్తులు కావు. షెడ్డులో ఎదురైన ఇబ్బందికి షెడ్డులోనే జవాబు వెతకడం.

ఆనాటి దారి మీది వైద్యం

ఆ రోజుల్లో మోటారు నడపడం ఎంత కష్టమో ఇప్పటివారు ఊహించలేరు. కార్లు, బస్సు ఇంజన్లు, టైర్లు, ప్లగ్గులు అన్నీ ఓడల మీద రావలసినవే. ఒక చిన్న ముక్క విరిగితే అది ఇంగ్లండు నుంచో, అమెరికా నుంచో వచ్చేదాకా నెలల తరబడి బండి షెడ్డులోనే పడి ఉండాలి. అందుకే దేశమంతటా డ్రైవర్లు, మేస్త్రీలు తమకు తోచిన చిట్కాలు కనిపెట్టుకున్నారు. వీటిలో కొన్ని పాత కార్లు ఉన్నవారికి ఈనాటికీ ఉపయోగపడతాయి.

రేడియేటరు సన్నగా కారుతుంటే అందులో గుప్పెడు పసుపు వేయడం మన డ్రైవర్లకు పాత అలవాటు. పసుపు పొడి నీళ్లలో ఉబ్బి చిన్న చీలికల్లో పేరుకొని కారడాన్ని ఆపుతుంది. పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే బట్టల సబ్బును మెత్తగా నలిపి అదుముతారు. సబ్బు నీటిలో కరుగుతుంది గానీ పెట్రోలులో కరగదు. అదే దాని కిటుకు. ఎండలు 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో పాత కారు నడి రోడ్డు మీద హఠాత్తుగా ఆగిపోతే చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందకుండా పోతుంది. పంపు మీద, గొట్టం మీద తడి గుడ్డ చుట్టి పది నిమిషాలు నీడలో ఆపితే బండి మళ్లీ కదులుతుంది.

ఇంజను ముక్కుతూ నడుస్తుంటే డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లు చూడాలి. నల్లబడితే నున్నటి గరుకు కాగితంతో, అదీ లేకపోతే అగ్గిపెట్టె పక్కపట్టీతో రుద్దుతారు. పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే రేకు లేనివారు దళసరి కార్డు ముక్క పెట్టి సరిచూసుకుంటారు. గ్యాస్కెట్టు పాడైతే దళసరి కాగితాన్ని ఆ భాగం మీద పరచి, అంచుల వెంట సుత్తితో మెల్లగా కొడుతూ పోతే అదే ఆకారంలో కత్తిరించుకుంటుంది. ఫ్యాను బెల్టు తెగితే తాడు పేని కట్టడం, కమాను పట్టీ విరిగితే కర్ర ముక్కలు ఆనించి బిగించడం, ట్యూబు దక్కకపోతే టైరులో గడ్డి కూరి ఊరు చేరడం పాతతరం డ్రైవర్లు చేసినవే.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కోటా పెట్టినప్పుడు మద్రాసు రాష్ట్రంలో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయి. బస్సు వెనుక ఒక పెద్ద పొయ్యి తగిలించి, అందులో బొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన వాయువును ఇంజనుకు పంపేవారు. బలం తగ్గి, ఎత్తు ఎక్కలేక మొరాయిస్తే ప్రయాణికులు దిగి తోసేవారు. ఈ తిప్పలన్నీ పడిన తరం అది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇవన్నీ ఇల్లు చేరడానికే తప్ప బండి బాగు చేయడానికి కావు. పసుపు వేసిన రేడియేటరును తరువాత కడిగించి మాటు వేయించకపోతే సన్నని గొట్టాలు మూసుకుపోయి ఇంజను వేడెక్కుతుంది. సబ్బు పెట్టిన ట్యాంకును ఖాళీ చేసి, ఆవిరి పూర్తిగా పోయాకే మాటు వేయాలి. లేకపోతే పేలుతుంది. బ్రేకుల విషయంలో, స్టీరింగు విషయంలో మాత్రం ఏ చిట్కా పనికిరాదు. ఆ రెండూ సరిగా లేని బండిని కదపకపోవడమే మేలు.

తుంగభద్ర ఒడ్డున ఉన్నవారికి మరో మాట. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం నీట మునిగిన సంగతి ఎవరూ మరువలేదు. నీట మునిగిన బండిని ఆత్రంతో స్టార్టు చేస్తే సిలిండరులో చేరిన నీరు నలగక కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగ తప్పించి, ప్లగ్గులు విప్పి, ఇంజనును చేత్తో తిప్పి నీరంతా బయటికి పంపాలి. ఆయిలు పూర్తిగా మార్చాలి. ఆ తరువాతే స్టార్టు సంగతి. విప్పి చూడడం తెలిసినవాడికి, తెలియనివాడికి మధ్య తేడా ఒక ఇంజను ఖరీదు.

మోటారు నుంచి రేజరు దాకా

నాయుడు గారి విషయానికి వస్తే, ఆయన బస్సులతో ఆగలేదు. 1937లో కోయంబత్తూరు శివారు పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారు తయారైంది. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. దాని రూపకర్త డి. బాలసుందరం నాయుడు. తరువాత టెక్స్‌టూల్ సంస్థను నెలకొల్పింది ఆయనే. ఈ ఇద్దరి కృషి ఆ పట్నాన్ని మోటార్ల, పంపుల కేంద్రంగా మలచడానికి దారి తీసింది. మన రైతు బావిలో నీరు తోడే మోటారుకు మూలపురుషులు వీరని చెప్పవచ్చు.

నాయుడు గారు యూరపు పర్యటనలు చేశారు. అక్కడి కర్మాగారాలు చూశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు అమర్చిన గడ్డం గీసుకొనే రేజరును రూపొందించారు. జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్నంలో రసాంత్ అన్న పేరుతో అది తయారైంది. చాలా పలుచని బ్లేడులు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో నడిచే ఫ్యాను, దొంగ ఓట్లకు తావివ్వని ఓటు యంత్రం, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం ఆయన కల్పనలే. కెమెరా అంటే ఆయనకు మహా ఇష్టం. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తానే ఫిల్ము తీశారు. గాంధీజీ, నెహ్రూ, సుభాస్ చంద్రబోసు వంటి నాయకులను కూడా తన కెమెరాలో బంధించారు.

ఆయన చేసిన వస్తువుల్లో ఒక సామాన్య లక్షణం ఉంది. అన్నీ మామూలు మనిషికి అందే ధరలో ఉండాలన్నది ఆయన పట్టుదల. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించారు. రేడియో ధనవంతుల ఇళ్లలోనే మోగే కాలమది.

రెండు వేల రూపాయల కారు

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన మరో అడుగు ముందుకు వేశారు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారుచేశారు. దాని ధర 2,000 రూపాయలు. ఒకప్పుడు హోటలులో బల్లలు తుడిచిన కుర్రవాడు, తాను కన్న కలను మధ్యతరగతి ఇంటి ముంగిటికి తేవాలనుకున్నారు. అయితే కారు తయారైతే చాలదు. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం పెద్ద ఎత్తున ఉత్పత్తికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. అది ఆయనకు లభించలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

ఇందులో తప్పొప్పుల విచారణ చరిత్రకారులకు వదిలివేద్దాం. కొత్తగా స్వతంత్రమైన దేశం, విదేశీ మారకం కొరత, కొద్ది కంపెనీలకే అనుమతి ఇవ్వాలన్న విధానం ఒకవైపు. అతి చౌకగా కారు చేసి చూపించిన ఒక మేస్త్రీ మరొకవైపు. మనకు కనిపించే ఫలితం ఒక్కటే. సామాన్యుడు కొనగల చిన్న కారు కోసం ఈ దేశం 1983లో మారుతి వచ్చేదాకా, అంటే మరో మూడు దశాబ్దాలు ఎదురుచూసింది. ఆ మధ్యకాలమంతా పాత బండ్లను మళ్లీ మళ్లీ బాగుచేసుకుంటూ నడిపించినవారు మన షెడ్డుల మేస్త్రీలే.

నాయుడు గారి మనసు విరిగిన ఘట్టం మరొకటి ఉంది. పన్నుల భారం మీద ఆయనకూ ప్రభుత్వానికీ పెద్ద పేచీ నడిచింది. తన కష్టానికి ప్రతిఫలం దక్కడం లేదన్న ఆగ్రహంతో 1950లలో ఆయన జనాన్ని పిలిచి మరీ తాను చేసిన యంత్రాలను, వస్తువులను బహిరంగంగా ధ్వంసం చేయించారు. తమిళనాట ఆయనకు ఎందరో పెద్దలతో స్నేహం ఉండేది. పెరియార్ రామస్వామి ఆయనకు ఆప్తమిత్రులు. వస్తువులను పగలగొట్టడం సబబు కాదన్నవారు మిత్రుల్లోనూ ఉన్నారు. నిజమే, ఊడదీసిన ప్రతి ముక్కనూ తిరిగి బిగించడంతో మొదలైన జీవితం అది. అలాంటి మనిషి తన చేతుల మీదుగా వచ్చిన వస్తువులను తిరిగి బిగించడానికి వీలులేకుండా పగలగొట్టించారంటే లోపలి బాధ ఎంతటిదో అర్థమవుతుంది.

చదువు మీద పోరాటం

ఆయన జీవితంలో మనకు ఎక్కువగా పనికివచ్చే భాగం విద్యకు సంబంధించినది. 1944లో బస్సుల వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకొని పరిశోధన విద్యార్థులకు, తన పనివారికి, బడుగు వర్గాలకు సహాయ పథకాలు ప్రకటించారు. ఆయన విరాళంతో, చొరవతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, 1945లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడు తరగతులు దాటని మనిషి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు.

ఆ పదవి ఎక్కువ కాలం నిలవలేదు. నాలుగేళ్ల చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తోందని, అదే విద్యను రెండేళ్లలో నేర్పవచ్చని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. ఆయన వాదన అంతా సరైనదని చెప్పలేం. వంతెన కట్టే ఇంజనీరుకు, విమానం రూపొందించే ఇంజనీరుకు లెక్కలు, శాస్త్రం లోతుగా తెలిసి ఉండాలి. అది చేతి పనితోనే రాదు. అందరికీ దొరస్వామి బుర్ర ఉండదు కూడా. అయినా ఆయన ఎత్తి చూపిన లోపం నిజమైనది. నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకొని, కార్బురేటరు ఒక్కసారీ విప్పకుండా బయటికి వచ్చే విద్యార్థి ఆనాడూ ఉన్నాడు, ఈనాడూ ఉన్నాడు. పదేళ్లు షెడ్డులో పనిచేసి, శబ్దం విని జబ్బు చెప్పగల మేస్త్రీకి మాత్రం చేతిలో ఏ కాగితమూ లేదు.

వ్యవసాయంలోనూ ఆయన ఇదే పద్ధతి అనుసరించారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల్లో కొత్త రకాలు పెంచి చూశారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహనీయులు ఆయన తోటను చూడడానికి వచ్చారు. ఉదయం 6 గంటలకు పునాదితో మొదలుపెట్టి సాయంత్రం 5 గంటలకల్లా, అంటే 11 గంటల్లో ఒక ఇల్లు కట్టించి చూపించారు. 1967లో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటయింది. పిల్లలు యంత్రాలను దగ్గర నుంచి చూసి తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం.

80 ఏళ్ల వయసులో ఆయన మరణించాక కూడా ఆ ప్రదర్శనశాల కొనసాగింది. కుటుంబం 2015లో కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో పాతకాలపు కార్ల మ్యూజియం కూడా ప్రారంభించింది. ఆయన జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రానికి 2018 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారం లభించింది. బొంబాయి నుంచి కోయంబత్తూరు వెళ్లే కుర్లా ఎక్స్‌ప్రెస్ మంత్రాలయం రోడ్డు, ఆదోని స్టేషన్ల మీదుగానే వెళుతుంది. యంత్రాల మీద ఆసక్తి ఉన్న పిల్లలను ఒకసారి తీసుకువెళ్లి చూపించదలచిన తల్లిదండ్రులకు దారి సులువే.

మన షెడ్డుల సంగతి

ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్లలో పాత బండ్ల పని తెలిసిన మేస్త్రీలు ఏటేటా తగ్గిపోతున్నారు. కొత్త కార్లలో పెట్రోలును కొలిచి పంపేది కంప్యూటరు. పాయింట్లు లేవు, కార్బురేటరు లేదు. పాడైన భాగాన్ని బాగు చేయడం కాక మొత్తం పెట్టెను మార్చడమే నేటి పద్ధతి. దాంతో ఇంజను శబ్దం వినే చెవి, గ్యాస్కెట్టు కోసే చెయ్యి తరువాతి తరానికి అందకుండా పోయే ప్రమాదం ఉంది. ఇది పాత కార్ల యజమానుల ఇబ్బంది మాత్రమే కాదు. ట్రాక్టరు, ఆయిలు ఇంజను, బోరు మోటారు, మగ్గం ఏది ఆగినా విప్పి చూసి కారణం చెప్పగల మనిషి ఊరికి అవసరం.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. తుక్కుకు పోయే పాత ఇంజను ఒకటి ఐటీఐలోనో, హైస్కూలు వరండాలోనో పెట్టించి, వారానికి ఒక పూట ఊళ్లోని అనుభవజ్ఞుడైన మేస్త్రీని పిలిపించి పిల్లల చేత విప్పించి, బిగింపించవచ్చు. ఆ మేస్త్రీకి గౌరవంగా ఇంత ముట్టజెప్పవచ్చు. పాత కార్లున్న యజమానులు కూడా బండిని షెడ్డులో వదిలి వెళ్లిపోక, పక్కనే నిలబడి ఏది ఎందుకు విప్పుతున్నారో అడిగి తెలుసుకుంటే, సగం చిన్న తప్పులు ఇంటి దగ్గర తామే సరిచేసుకోగలుగుతారు.

కలంగల్ కుర్రవాడు ఆ మోటారు సైకిలును విప్పినప్పుడు బడి మానేసిన పిల్లవాడిగానే లోకానికి తెలుసు. మన షెడ్డుల్లో నూనె చేతులతో పానాలు అందిస్తున్న కుర్రవాళ్లలో అలాంటివాడు ఎవడున్నాడో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. వాడి చేతికి పానాతో పాటు కాస్త చదువు, చేసిన పనికి తగిన గుర్తింపు అందేలా చూడడం పెద్దల బాధ్యత.